నోరు మూయించుట న్యాయమా?

కొడుకును గల్ఫు దేశమునకు పంపిన తల్లి మీ వీధిలో ఒకతెయైనను ఉండకపోదు. జగిత్యాల ప్రాంతమైనను, కడప ప్రాంతమైనను, గోదావరి తీరమైనను అట్టి ఇల్లు లేని పల్లె అరుదు. రాత్రి భోజనమైన తరువాత ఆమె సెల్‌ఫోను చేతబట్టుకొని గుమ్మములో కూర్చుండును. కువైటులోనో దుబాయిలోనో పని ముగించుకొని కొడుకు ఫోనులో పిలుచును. ఆమె వాని ముఖము చూచి, "అన్నము తింటివా, నాయనా?" అని అడిగి, అటుపిమ్మట నెమ్మదిగా నిద్రించును. ఆమెకు ఆ ఫోను ఆటవస్తువు కాదు. దూరదేశమందున్న కొడుకు దినదినము ఇంటికి వచ్చు త్రోవ అదే.

ఒక రాత్రి ప్రభుత్వపు ఉత్తరువు వలన ఆ త్రోవ మూయబడినదని తలంచుడి. ఆమె ఎవరిని దూషింపలేదు, ఎవరిని మోసగింపలేదు. అయినను ఆమె ఇంటి తలుపునకు తాళము పడినది. అప్పుడామె హృదయమెట్లుండును?

ఇది నేను కల్పించి చెప్పు మాట కాదు. మన పొరుగు దేశమైన నేపాలులో 2025 సెప్టెంబరు 4వ తేదీన ఇట్టిదే జరిగెను. ఆ దేశపు యౌవనులు లక్షలకొలది గల్ఫు దేశములలోను మలేషియాలోను మన దేశములోను కూలిపని చేయుచున్నారు. వారు పంపు సొమ్ము ఆ దేశాదాయములో నాలుగవ వంతునకు మించియున్నది. అట్టి దేశములో ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ మొదలైన 26 సామాజిక మాధ్యమములను మూసివేయవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞయు, దాని తరువాత జరిగిన సంగతులును మన మనస్సాక్షికి రెండు ప్రశ్నలు వేయుచున్నవి. అధికారి జనుల నోరు మూయించుట న్యాయమా? నోరు మూయబడిన జనులు కోపముతో ఏమి చేసినను న్యాయమేనా? ఈ రెంటిని ఓర్పుతో ఆలోచింతము.

మొదట ప్రభుత్వపు పక్షమును విందము, ఏలయనగా ఒక పక్షము మాత్రమే విని తీర్పు తీర్చుట తగదు. ఈ సంస్థలన్నియు పరదేశపువి. అవి తమ దేశములో పేరు నమోదు చేసికొని, ఫిర్యాదులు వినుటకు ఒక మనుష్యుని నియమింపవలెనని ప్రభుత్వము కోరెను. దొంగపేర్లతో మోసములు జరుగుచున్నవనియు, ద్వేషపు మాటలు వ్యాపించుచున్నవనియు చెప్పెను. ఏడు దినములు గడువిచ్చెను. నమోదు చేసికొనిన టిక్‌టాక్, వైబర్ మొదలైన కొన్ని నిలిచెను, తక్కినవి మూయబడెను.

ఈ కారణములలో సత్యము లేకపోలేదు. అబద్ధము ఫోనులో ఎంత వేగముగా పరుగెత్తునో మన పల్లెలలోను చూచుచున్నాము. ఒకని పేరు చెడగొట్టు మాట ఉదయమున ఒక ఇంట పుట్టి, మధ్యాహ్నమునకు మూడు ఊళ్లు తిరిగివచ్చును. వృద్ధులు కూడబెట్టుకొనిన సొమ్ము ఒక్క ఫోను మాటతో మాయమగుచున్నది. కాబట్టి అబద్ధసాక్షిని శిక్షింపవలసినదే, మోసగానిని పట్టవలసినదే. అయితే మోషే ధర్మశాస్త్రములో అబద్ధసాక్షికి శిక్ష ఎట్లు విధింపబడెనో జ్ఞాపకము చేసికొనుడి. న్యాయాధిపతులు బాగుగా విచారణ చేసి, వాడు అబద్ధమాడెనని తేలిన తరువాతనే వానిని శిక్షింపవలెను. ఒకడు అబద్ధమాడెను గనుక ఊరివారందరి నోళ్లు కట్టివేయుడని ఆ శాస్త్రము చెప్పలేదు.

మన పెద్దలు ఒక సామెత చెప్పుదురు: ఎలుకల మీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనినట్లు అని. ఎలుకలున్నమాట నిజమే, అవి ధాన్యము తినుచున్నమాటయు నిజమే. కాని ఇల్లు కాలినయెడల ధాన్యమేది? పిల్లలు పడుకొను చోటేది? ఆ ఆజ్ఞ ఇట్టిదే. మోసగాని ఫోనును కొడుకు కొరకు కనిపెట్టుకొనియున్న తల్లి ఫోనును అది సమానముగా మూసివేసెను.

మరియొక సంగతి కలదు. ఆ ఉత్తరువునకు ముందు వారములలో నేపాలు యౌవనులు అవే మాధ్యమములలో తమ నాయకుల కుటుంబముల సంగతి అడుగుచుండిరి. నాయకుల పిల్లలు విలువగల కార్లలో తిరుగుచు, పరదేశపు విహారములు చేయుచున్న చిత్రములను వారు ఒకవైపు చూపిరి. పనికొరకు దేశము విడిచిపోవుచున్న బీదల పిల్లలను మరియొకవైపు చూపిరి. ఈ సొమ్మెక్కడిదని అడిగిరి. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము రాకమునుపే, ప్రశ్న అడుగు చోటు మూయబడెను. ప్రభుత్వపు మనస్సులో ఏమున్నదో హృదయములను ఎరిగినవానికే తెలియును. అయితే అడుగుచున్నవారికి అది నోరు మూయించుటగానే కనబడెను. లెక్క అడిగినప్పుడు తలుపు మూసినవానిని ఎవరు నమ్ముదురు?

యూదా రాజైన యెహోయాకీము చరిత్ర మీరు ఎరిగినదే. యిర్మీయా ప్రవక్త పలికిన మాటలను బారూకు ఒక గ్రంథపుచుట్టలో వ్రాసెను. చలికాలమున రాజు తన నగరులో కూర్చుండగా ఎదుట కుంపటి మండుచుండెను. మూడు నాలుగు పుటలు చదువగానే రాజు చాకుతో వాటిని కోసి కుంపటిలో వేయుచు వచ్చెను. చుట్టయంతయు కాలువరకు అట్లే చేసెను. దానిని కాల్చవద్దని ముగ్గురు అధిపతులు బ్రతిమాలినను అతడు వినలేదు. కాని అతడు సాధించినదేమి? కాలిపోయినది కాగితమే గాని మాట కాదు. ఆ మాటలు మరల వ్రాయబడెను. వాటికి మరికొన్ని మాటలు చేర్చబడెను. అతని తండ్రియైన యోషీయా గ్రంథము చదువగా విని తన బట్టలు చింపుకొనెను. కుమారుడు గ్రంథమునే చింపెను. తండ్రి చెవి తెరచెను, కుమారుడు చెవి మూసికొనెను. జనుల నోరు మూయించు ప్రతి అధికారి మొదట తన చెవినే పోగొట్టుకొనును. ఇల్లు అంటుకొనినదని కేక వేయువాని నోరు మూసినయెడల మంట ఆరదు. మనకు తెలియకుండ పెరుగును.

ఈ పాఠము నేపాలు నాయకులకు క్రొత్తది కాదు. 2005 ఫిబ్రవరి 1వ తేదీన ఆ దేశపు రాజు జ్ఞానేంద్ర అధికారమంతయు తన చేతిలోనికి తీసికొని, టెలిఫోను తీగెలను ఇంటర్నెట్టును నిలిపివేయించెను. పత్రికా కార్యాలయములకు సైనికులను పంపెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్ నెలలో జనులు వీధులలోనికి వచ్చిరి, రాజు లోబడవలసివచ్చెను. 2008లో రాజరికమే పోయెను. 2025లో ప్రధానమంత్రిగా నుండిన కె.పి. శర్మ ఓలి రాచరికమును ఎదిరించినందుకు తన యౌవనములో 14 సంవత్సరములు చెరలో ఉండినవాడు. నోరు కట్టబడుట ఎట్టిదో ఆయన ఎరుగును. అయినను ఆయన ప్రభుత్వమే ఈ తాళము వేసెను. చదువరులారా, ఇది ఆయనను ఎగతాళి చేయుటకు చెప్పుట లేదు. మన కొరకు చెప్పుచున్నాను. బాధపడిన కాలమున నేర్చుకొనిన పాఠము పీటమెక్కిన కాలమున మరచిపోవుట మనుష్య స్వభావమునకు ఎంత సులభమో చూడుడి.

సెప్టెంబరు 8వ తేదీ ఉదయమున ఖాట్మండు నగరములో వేలకొలది యౌవనులు కూడిరి. వారిలో అనేకులు బడి దుస్తులతోను కళాశాల దుస్తులతోను వచ్చిరి. వారి తరమును జెన్ జీ అని పిలుచుచున్నారు. మైతీఘర్ నుండి పార్లమెంటు భవనమువైపు నడచిరి. అడ్డుగా నుంచినవాటిని కొందరు త్రోసికొని ముందుకు పోగా, పోలీసులు నీళ్లు కొట్టిరి, పొగబాంబులు వేసిరి, తరువాత తుపాకులు కాల్చిరి. ఆ ఒక్క దినమున ఖాట్మండులోను ఇటహరిలోను కలిపి 19 మంది చనిపోయిరి. ఉదయమున బిడ్డకు అన్నము పెట్టి పంపిన తల్లులు సాయంకాలమున ఆసుపత్రి వరండాలలో బిడ్డను వెదకిరి. ఆ రాత్రియే హోంమంత్రి పదవి విడిచెను. మాధ్యమములపై నుంచిన నిషేధమును ప్రభుత్వము తీసివేసెను. ఒక రాత్రిలో తీసివేయదగిన తాళము కొరకు 19 ప్రాణములు పోయెను. అధికారి తన తప్పును ఒక్క దినము ముందు ఒప్పుకొనినయెడల ఎన్ని ఇండ్లలో దీపములు నిలిచియుండును!

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. ఇది మొదటిదానికంటె కష్టమైనది, ఏలయనగా చనిపోయిన పిల్లల పక్షమున ఏడ్చుచునే దీనిని అడుగవలసియున్నది.

మరునాడు, అనగా 9వ తేదీన, కోపము కట్టలు తెంచుకొనెను. పార్లమెంటు భవనము కాలెను. ప్రభుత్వ కార్యాలయములుండు సింహదర్బారు కాలెను. సుప్రీముకోర్టు కాలెను, వ్యాజ్యముల కాగితములు బూడిదయ్యెను. నాయకుల ఇండ్లకు నిప్పు పెట్టిరి, కొందరిని కొట్టిరి. చెరసాలలు బ్రద్దలయ్యెను, 13 వేలమందికి పైగా ఖైదీలు పారిపోయిరి. ఆ దినమున ప్రధానమంత్రి పదవి విడిచెను. ఆ దినముల అల్లర్లలో చనిపోయినవారు మొత్తము 70 మందికి మించిరి. వారిలో ముగ్గురు పోలీసులు. విమానములు నిలిచిపోగా, యాత్రలకు పోయిన మన తెలుగువారు అనేకులు అక్కడ చిక్కుకొని భయపడిరి. సెప్టెంబరు 11వ తేదీన వారిలో చాలమందిని ప్రత్యేక విమానములో విశాఖపట్నమునకును తిరుపతికిని తీసికొనివచ్చిరి.

ఆ మంటలలో ఒక మంటను మీరు ప్రత్యేకముగా చూడవలెనని కోరుచున్నాను. కాంతిపూర్ అనునది ఆ దేశపు పెద్ద పత్రికా సంస్థలలో ఒకటి. ఆ దినమున దాని భవనమునకును నిప్పు పెట్టబడెను. మాటలాడు స్వాతంత్ర్యము కొరకు పుట్టిన కదలిక రెండవ దినమునకు ఒక పత్రిక ఇంటిని కాల్చు చోటికి చేరెను! యెహోయాకీము కుంపటి నగరులోనుండి వీధిలోనికి వచ్చెను. రాజు చేతిలోనున్నప్పుడు అది పాపమైనయెడల, జనుల చేతిలోనున్నప్పుడు అది నీతియగునా?

మరియొకటి. ఒక మాజీ ప్రధాని ఇంటికి నిప్పు పెట్టగా ఆయన భార్య తీవ్రముగా కాలెను. ఆమె చనిపోయెనని వార్త లోకమంతట వ్యాపించెను. కాని ఆమె ఆసుపత్రిలో బ్రదికియుండెను. కోపపు దినమున సత్యము కూడ గాయపడునని దీనివలన తెలియుచున్నది.

కొందరు ఇట్లడుగుదురు: "నిప్పు లేకపోయినయెడల ప్రధానమంత్రి దిగిపోవునా? మెత్తగా అడిగినవారి మొర ఏనాడు వినబడినది?" ఈ మాటను త్రోసివేయలేను. బీదవాని మొర వినుటలో అధికారులు ఎంత ఆలస్యము చేయుదురో మన పల్లెవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయినను జరిగిన వరుసను చూడుడి. నిషేధము తీసివేయబడినది, హోంమంత్రి దిగిపోయినది 8వ తేదీ రాత్రి. నగరము కాలినది 9వ తేదీ. ప్రధానమంత్రి దిగిపోవుటకు మంటలు కారణమా, చనిపోయిన పిల్లల రక్తము కారణమా అని మనుష్యులు వాదించుకొనవచ్చును. కాని మంటలు కాల్చినదేమో అందరు చూచిరి. లంచగొండిని నిలువబెట్టి విచారింపవలసిన న్యాయస్థానమునే కాల్చినయెడల లాభము ఎవరికి? లంచగొండికే గదా! మరల అదే సామెత: ఎలుకల మీది కోపము, ఇంటికి నిప్పు. మొదట ప్రభుత్వము పెట్టినది. తరువాత జనసమూహము పెట్టినది. ఇల్లు మాత్రము ఒక్కటే, అది అందరి ఇల్లు.

ఈ పనులు తమవి కావనియు, తమ గుంపులో వేరొకరు చొరబడిరనియు ఆ యౌవనులలో అనేకులు చెప్పిరి. అది చాలవరకు నిజమై యుండవచ్చును. అయితే నిప్పు రాజుకొనిన తరువాత అగ్గిపుల్ల ఎవరిదో కనుగొనుట కష్టము. కాబట్టి నీతి కొరకు వీధిలోనికి వెళ్లువాడు తన కోరికను మాత్రమే గాక తన ప్రక్కన నడచువానిని కూడ కనిపెట్టవలెను.

ఇట్లు చెప్పి విడిచిపెట్టినయెడల ఆ యౌవనులకు అన్యాయము చేసినవాడనగుదును. మంటలు తగ్గగానే, 10వ తేదీన, యౌవనులు చీపుళ్లును గోతాములును పట్టుకొని వీధులు ఊడ్చుటకు వచ్చిరి. ఆ తరువాత, దేశమును కొంతకాలము ఎవరు నడిపించవలెనని డిస్కార్డ్ అను మాధ్యమములో వేలకొలదిగా కూడి మాటలాడుకొనిరి. ఎవరిని కోరిరి? తమ వయస్సువానిని కాదు. 73 సంవత్సరముల వృద్ధురాలైన సుశీలా కార్కీని కోరిరి. ఆమె 2016లో ఆ దేశపు సుప్రీముకోర్టుకు మొదటి స్త్రీ ప్రధాన న్యాయమూర్తియైనది; లంచగొండితనమునకు లోబడనిదని పేరు పొందినది. సెప్టెంబరు 12వ తేదీన ఆమె తాత్కాలిక ప్రధానమంత్రిగా ప్రమాణము చేసెను. ఆ దేశమునకు ఆ పదవి వహించిన మొదటి స్త్రీ ఆమెయే. 2026 మార్చి 5వ తేదీన ఎన్నికలు జరుగవలెనని నిర్ణయింపబడెను.

రెహబాము రాజు వృద్ధుల ఆలోచనను త్రోసివేసి, తనతో పెరిగిన యౌవనుల మాట విని రాజ్యమును చీల్చుకొనెనని మనము చదివియున్నాము. ఆ కథ చెప్పి పెద్దలు పిల్లల నోరు మూయించుట కూడ మనకు అలవాటే. కాని ఇక్కడ చూడుడి: యౌవనులే ఒక వృద్ధురాలిని వెదకిరి. పిల్లలు పెద్దరికమును ద్వేషింపరు. లెక్క చెప్పని పెద్దరికమును మాత్రమే వారు సహింపరు.

ఇప్పుడు మన ఇంటికి వత్తము, ఏలయనగా పొరుగువాని తప్పు చూచి తల ఆడించుట కొరకు ఈ సంగతి వ్రాయలేదు.

పెద్దలారా, మీ సంఘములో ఒక యౌవనుడు లేచి, "అయ్యా, పంటకాలపు కానుకల లెక్క చెప్పుడి" అని అడిగినప్పుడు మీరేమందురు? "నిన్నగాక మొన్న పుట్టితివి, కూర్చుండుము" అందురా? ఇంటిలో కుమార్తె తన పెండ్లి విషయము మాటలాడబోగా, "ఆడపిల్లకు నోరేల" అందురా? మనకు పార్లమెంటు లేదు, తుపాకులు లేవు, 26 మాధ్యమములను మూయు అధికారము లేదు. కాని ప్రతి ఇంటిలో ఒక చిన్న కుంపటి కలదు, ప్రతి పెద్ద చేతిలో ఒక చాకు కలదు. మనకు గిట్టని మాట వచ్చినప్పుడు మనము ఏమి చేయుచున్నామో అదియే మనము ఎట్టి రాజులమో తెలుపును. లెక్క సరిగానున్న పెద్దకు ప్రశ్న భయము కాదు. పుస్తకము తెచ్చి అందరి ఎదుట తెరచిన దినమున సగము కోపము దానంతట అదే చల్లారును.

యౌవనులారా, మీ చేతిలోని ఫోను గొప్ప సాధనము. మీ తాతలు అర్జీ పట్టుకొని తాలూకా కచేరి చుట్టు తిరిగి అరిగిపోయిరి; మీరు కూర్చున్నచోటనే లోకమునకు వినిపింపగలరు. అయితే ఆ మాట నిజమా అని అడుగకుండ దానిని ముందుకు పంపువాడు, మాటను కాల్చిన రాజుకంటె మేలైనవాడు కాడు. ఒకడు సత్యమును చంపును, మరియొకడు అబద్ధమునకు ప్రాణము పోయును. ఇక మాటలాడవద్దని మహాసభవారు అపొస్తలులను కొట్టి ఆజ్ఞాపించినప్పుడు వారు మాటలాడుట మానలేదు. అలాగని మహాసభ భవనమునకు నిప్పును పెట్టలేదు. దెబ్బలు తిని, వెళ్లి, మరల మాటలాడిరి. ఆ సభలోనే గమలీయేలు అను పెద్ద ఒకడు లేచి, తొందరపడవద్దని తనవారికి బుద్ధి చెప్పెను. నోరు మూసికొనని యౌవనులు, చెవి మూసికొనని పెద్దలు—ఈ ఇద్దరు ఉన్న ఊరిలో తుపాకికి పని లేదు, అగ్గిపుల్లకు పని లేదు.

ఈ రాత్రి దీపము ఆర్పకముందు మనలో ప్రతివాడు తన్ను తాను ఈ రెండు మాటలు అడుగుకొనవలెను. నేడు నేను ఎవరి నోరైన మూయించితినా? నేడు నేను కోపములో ఎవరి ఇంటికైన నిప్పు పెట్టితినా, నాలుకతోనైనను? అట్టివాడు ఒకడుండినయెడల, రేపు తెల్లవారగానే వాని గుమ్మములోనికి వెళ్లి కూర్చుండి, "నీవు ఆనాడు చెప్పబోయిన మాట ఇప్పుడు చెప్పుము, వినుటకు వచ్చితిని" అని అనుడి.

వినుటకు చెవియు, నిజము పలుకుటకు నోరును ఇచ్చిన దేవుడు ఆ రెంటిని మూయకుండ కాపాడుకొను కృప మనకు దయచేయును గాక.